రామాపిథెకస్ పేరు ఎలా చెరిగిపోయింది

1932లో జి. ఎడ్వర్డ్ లూయిస్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి శివాలిక్ కొండల్లో శిలాజాల కోసం గాలిస్తున్నాడు. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర అతనికి ఒక వానరపు పైదవడ ముక్క దొరికింది. కోరపన్ను ఉండాల్సిన గుంట చిన్నదిగా ఉంది, మూతి పొట్టిగా ఉన్నట్టు తోచింది. రెండూ మనిషి పోలికలే. 1934లో లూయిస్ ఆ జీవికి రాముడి పేరు మీద రామాపిథెకస్ అని పేరు పెట్టి, మనిషి వంశంలో చేర్చాలని ప్రతిపాదించాడు. పెద్దలు ఒప్పుకోలేదు. ముక్క మ్యూజియంలో ఉండిపోయింది.

1961లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ సైమన్స్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. డేవిడ్ పిల్‌బీమ్ తోడయ్యాడు. సుమారు కోటీ నలభై లక్షల ఏళ్ల నాడే మనిషి శాఖ విడిపోయిందనీ, దాని తొలి ప్రతినిధి రామాపిథెకస్సేననీ వాళ్లు వాదించారు. పాఠ్యపుస్తకాలూ అదే చెప్పాయి.

చిక్కంతా దవడ రెండో సగం లేకపోవడంలో ఉంది. ఉన్న ముక్కకు జోడీ గీసి పలువరుసను పూర్తిచేయాలి. అంగిలి మధ్యగీత ఎక్కడుందో తెలియదు. ముక్కను కాస్త ఇటు తిప్పి గీస్తే పలువరుస మనిషిదిలా గుండ్రంగా వంపు తిరుగుతుంది. కాస్త అటు తిప్పితే వానరానిదిలా ఇరుకుగా వస్తుంది.

మొదటి దెబ్బ ప్రయోగశాల నుంచి పడింది. 1967లో బర్కిలీలో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌ను పోల్చి చూసి, మనిషీ ఆఫ్రికా వానరాలూ విడిపోయి సుమారు యాభై లక్షల ఏళ్లే అయిందని లెక్కగట్టారు. ఆ లెక్కే నిజమైతే రామాపిథెకస్ మన పూర్వీకుడు కాలేడు. శిలాజ శాస్త్రవేత్తలు చాలామంది కొట్టిపారేశారు.

జవాబు మళ్లీ మట్టిలోంచే వచ్చింది. 1976లో పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో రెండు వైపులూ ఉన్న రామాపిథెకస్ దవడ దొరికింది. పలువరుస మనిషి వంపులో లేదు. ఆ తర్వాత అదే ప్రాంతంలో, రామాపిథెకస్‌ను దగ్గరగా పోలిన శివాపిథెకస్ అనే శిలాజ వానరపు ముఖం బయటపడింది. 1982లో పిల్‌బీమ్ దాన్ని ప్రకటించాడు. నిలువుగా సాగిన కంటి గుంటలు, వాటి మధ్య అతి తక్కువ దూరం, లోపలికి ఒంగిన ముఖం: అచ్చం ఒరాంగుటాన్. తను నిలబెట్టిన వాదాన్ని పిల్‌బీమ్ స్వయంగా వదులుకున్నాడు. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గది.

రామాపిథెకస్ పళ్లకూ శివాపిథెకస్ పళ్లకూ ప్రధానంగా పరిమాణంలోనే తేడా ఉంది. రెండూ ఒకే ప్రజాతి అని తేలింది. అలాంటప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుందన్నది జంతువుల నామకరణ నియమం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన గై పిల్‌గ్రిమ్ 1910లోనే శివాపిథెకస్ అని పేరు పెట్టి ఉన్నాడు. రాముడి పేరు శివుడి పేరులో కలిసిపోయింది.

వర్గీకరణ అక్కడితో ఆగలేదు. 1990లో వెలువడిన శివాపిథెకస్ భుజాస్థులు (మోచేతికి పై ఎముకలు) ఒరాంగుటాన్ వాటిని పోలి లేవు. చేతులతో కొమ్మలకు వేలాడే జీవి కన్నా నాలుగు కాళ్ల మీద నడిచే జీవి లక్షణాలే వాటిలో ఎక్కువ. చాలామంది ఇప్పటికీ దాన్ని ఒరాంగుటాన్ ఉపకుటుంబంలోనే ఉంచుతున్నారు; ముఖం ఒకటి చెబుతుంటే చేతి ఎముక మరొకటి చెబుతోందన్న వాదన మాత్రం నడుస్తూనే ఉంది.