చీటీలో పేరు ఆగిపోతే, మనిషి ఏమైనట్టు?



మన ఉడుమలైపేట కోయంబత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, క్షయ అంటే శానటోరియంలో నెలల తరబడి పడుకోవడమే అనుకునేవారు. పేదింటి వాళ్ళకు మంచమే దొరికేది కాదు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి నడిపాయి. కొందరికి ఇంటి దగ్గర, కొందరికి శానటోరియంలో ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవారూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఆ మాట నమ్మకంగా చెప్పగలిగారంటే కారణం, సిబ్బంది ఇళ్ళకు వెళ్ళి చూశారు, ఐదేళ్ళపాటు రోగులను వదలలేదు.

అంత ఓపిక అన్నిచోట్లా ఉండదు. నూరుమంది చేరారనుకుందాం. పదిమంది పోయారు, నలభైమంది రావడం మానేశారు. "పోయింది పదిమందే" అని రాస్తే ఆ నలభైమందీ బతికే ఉన్నట్టు లెక్క.

1958లో కప్లాన్, మైయర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక దారి చూపించారు. మనిషి మన కళ్ళముందు ఉన్నంతకాలం లెక్కలో ఉంచి, కనబడని రోజునుంచి తీసెయ్యాలి. అయితే దానికొక షరతు: మానేసినవారూ ఉన్నవారిలాగే ఉండాలి. కానీ మంచం పట్టినవాడే కదా ముందు రాకుండా పోయేది!

హెచ్‌ఐవీ మందుల కార్యక్రమాల్లో ఇదే బయటపడింది. పేద దేశాల అధ్యయనాలను కూర్చి 2009లో వచ్చిన సమీక్షలో, వెతికితే ఆచూకీ దొరికినవారిలో సుమారు 40 శాతం అప్పటికే చనిపోయి ఉన్నారు.

అందరినీ వెతకనక్కరలేదు. మానేసినవారిలో కొందరిని చీటీలు తీసి ఎంచుకుని, వాళ్ళను మాత్రం గట్టిగా వెతకాలి. ఆ నలభైమందిలో పదిమందిని వెతికితే ఐదుగురు పోయారని తేలిందనుకోండి. అప్పుడు నలభైలో ఇరవై, మొత్తం ముప్ఫై. పదికీ ముప్ఫైకీ ఎంత తేడా!

మనం కూడా షుగరు, బీపీ శిబిరాలు పెడుతున్నాం. వచ్చినవారిని లెక్కపెట్టి సంతోషపడుతున్నాం. ఈసారి రిజిస్టరులో ఆగిపోయిన పేర్లలోంచి కొన్ని చీటీలు తీద్దాం, ఆ తలుపులు తడదాం. ఎవరైనా బతికుండి మందు మానేసి ఉంటే, లెక్క సరవడం ఒక్కటే కాదు, ఒక మనిషి మళ్ళీ మనకు దక్కుతారు.