ఐదు కంప్యూటర్లు, ఐదు టేపులు, ఒక ముసలి ప్రశ్న

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పండుగ అనగానే అందరి చూపూ వాల్తేరు సముద్రం వైపు పోతుంది. 1926లో అది పుట్టింది మాత్రం బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి. ఐదేళ్లు తిరక్కుండానే, 1930లో, విశాఖకు తరలిపోయింది. బెజవాడకు ఆ కినుక ఇంకా కాస్త మిగిలే ఉంది. విశ్వవిద్యాలయం వెళ్లిపోయినా పరీక్షలకు మాత్రం కృష్ణా తీరం ఎన్నడూ కరువు ఎరగదు. బందరులో నోబుల్ దొర బడి 1843 నాటిది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ నమూనాలో మొదలైంది: పాఠం చెప్పే పని కళాశాలలది, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పని తనది. అంతకు ముందరి శతాబ్దాలను కొండపల్లి మీదుగా ఒక్క అంగలో దాటేయవచ్చు. కొండ మీద రెడ్డి రాజుల కోట, 1766లో దాన్ని పట్టుకున్న ఇంగ్లీషు సేన, కొండ కింద తెల్లపొణికి చెక్కను బొమ్మలుగా మలిచే కుటుంబాలు. అక్కడ పనివాడి చేతిలోని బొమ్మే అతని జవాబు పత్రం. చింతగింజల మక్కుతో అతికించిన ఏనుగు తొండం ఊడిందో లేదో చూడటానికి హాల్ టికెట్ అక్కర్లేదు.

ఇక నేరుగా 1977కు వచ్చేద్దాం. ఆ ఏడు కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల తెరుచుకుంది. 1986లో ఎంసెట్ వచ్చింది. 1998లో కొండపల్లికి ఎగువన మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కళాశాల మొదలైంది. ఇబ్రహీంపట్నం సెంటర్లో పొద్దున్నే కాలేజీ బస్సుల కోసం నిలబడే పిల్లలకు ప్రోగ్రామింగు, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ అనే మూడు సబ్జెక్టులు బతుకుతెరువు పరీక్షలయ్యాయి. సెమిస్టరు పేపరు, గేట్, కంపెనీ వారి రాతపరీక్ష, ఇంటర్వ్యూ... తలుపు ఏదైనా ఆ మూడింటినీ దాటాలి. ఈ పరీక్షల నాణ్యత మీద వాదన వచ్చినప్పుడల్లా రాతపరీక్ష మంచిదా, బిట్ పేపరు మంచిదా, మౌఖికం మంచిదా అని మొదలవుతుంది. అసలు సంగతి రూపంలో లేదు, ప్రశ్న వయసులో ఉంది. జవాబు అచ్చయిన రోజు నుంచి ప్రశ్న ముసలిదవుతుంది. ఆ తర్వాత అది ఏ రూపంలో వచ్చినా జ్ఞాపకశక్తినే తూకం వేస్తుంది. దీనికి నేనెరిగిన అతి గొప్ప సాక్ష్యం మన దగ్గరిది కాదు, హాలండుది. అయితే అది మన ప్రతి ఇంజినీరింగ్ కళాశాలకూ వచ్చి తిష్ఠ వేసింది.

1965లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎడ్జర్ డైక్‌స్ట్రా అనే ఆచార్యుడు విద్యార్థులకు ఒక పరీక్ష ప్రశ్న ఇచ్చాడు. ఒకే యంత్రం మీద పలు పనులు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఎలా నడవాలన్నది అప్పట్లో ఆయన ధ్యాస. ఆ పనులను అదుపు చేసే సెమాఫోర్‌ను కనిపెట్టిందీ ఆయనే. ప్రశ్న వినడానికి చాలా చిన్నది. ఐదు కంప్యూటర్లు, వాటి మధ్య ఐదు టేపు డ్రైవులు. పని జరగాలంటే ప్రతి కంప్యూటరుకూ తనకు అటూ ఇటూ ఉన్న రెండు టేపులూ చిక్కాలి. ఐదూ ఒకేసారి ఎడమ టేపును పట్టుకున్నాయనుకోండి. కుడి టేపు పక్కవాడి చేతిలో ఉంటుంది, పక్కవాడిది వాడి పక్కవాడి చేతిలో. ఎవరూ వదలరు, ఎవరికీ పని జరగదు, ప్రపంచాంతం దాకా అందరూ మర్యాదగా ఎదురు చూస్తూ కూర్చుంటారు. దీన్నే డెడ్‌లాక్ అంటాం. టోనీ హోర్ ఈ టేపులను తీసేసి ఒక గుండ్రటి బల్ల వేశాడు. చుట్టూ ఐదుగురు తత్త్వవేత్తలు, ఇద్దరి మధ్య ఒక్కో ఫోర్కు, తినడానికి రెండు ఫోర్కులు కావాల్సిన స్పెగెటీ. అన్నం చేత్తో కలుపుకుని తినే దేశంలో ఈ కథ చెప్పేటప్పుడు మాస్టార్లు ముందు ఆ తిండి ఏమిటో వివరించాల్సి వచ్చేది.

ఆ ప్రశ్న అందం దాని జవాబుల్లో ఉంది. ఒకరు మాత్రం ముందు కుడిది పట్టుకుంటే చిక్కు విడిపోతుంది. ఐదుగురిలో నలుగురినే బల్ల దగ్గరికి రానిచ్చినా విడిపోతుంది. ఫోర్కులకు అంకెలు వేసి, చిన్న అంకెది ముందు తీసుకోవాలని నియమం పెట్టినా విడిపోతుంది. 1984లో చాండీ, మిశ్రా మరో దారి చూపారు: ఫోర్కులు మురికివో శుభ్రమైనవో చూసి, పక్కవాడు అడిగితే మురికిది కడిగి ఇవ్వాలి. ప్రతి జవాబుకూ ఒక ధర ఉంది. కొన్నిటిలో డెడ్‌లాక్ పోయినా ఎవరో ఒకరు ఎప్పటికీ పస్తుండే ప్రమాదం మిగులుతుంది. విద్యార్థి ఏ దారి ఎంచుకున్నాడు, ఆ దారిలో గోతిని చూశాడా లేదా అన్నది దిద్దేవాడికి కనబడిపోతుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇదంతా పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. అట్ట మీద డైనోసార్లున్న ఆ లావు పుస్తకం మన హాస్టల్ గదుల్లో తరాల తరబడి చేతులు మారింది. ఆలోచించమని పుట్టిన ప్రశ్న మన పేపర్లలో ‘డైనింగ్ ఫిలాసఫర్స్ సమస్యను సెమాఫోర్లతో వివరించుము’ అయింది. బొమ్మ గీసి, పదిహేను వరుసల కోడు ఎక్కిస్తే మార్కులు. గోతి ఎక్కడుందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఇదంతా వ్యాసరూప పరీక్ష జబ్బేనని బిట్ పేపరు వకీళ్లు అంటారు. వారికి చెప్పదగిన కథ ఒకటుంది. జవాబు పత్రం మీద పెన్సిలు గుర్తులను విద్యుత్తుతో చదివి మార్కులు వేసే యంత్రాన్ని ఐబీఎం 1938లో అమ్మకానికి పెట్టింది. దాని వెనక ఆలోచన రేనాల్డ్ జాన్సన్ అనే బడి పంతులుది. అదే జాన్సన్ తర్వాత ఐబీఎంలో ఉండి, 1956లో ర్యామాక్ అనే తొలి డిస్కు యంత్రాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపాడు. అంటే నేటి ఆపరేటింగ్ సిస్టమ్ పేపర్లో డిస్కు షెడ్యూలింగ్ అనే అధ్యాయమూ, ఆ పేపరును యంత్రం చేత దిద్దించే పద్ధతీ ఒకే మనిషి నుంచి నడిచొచ్చాయి. ఆ అధ్యాయంలో ప్రసిద్ధమైన లెక్క కూడా డైనోసార్ పుస్తకానిదే: డిస్కు తల 53 దగ్గర ఉంది, 98, 183, 37, 122, 14, 124, 65, 67 నుంచి పిలుపులు వచ్చాయి, వచ్చిన వరుసలోనే తీరిస్తే తల ఎంత దూరం కదులుతుంది? చేసి చూస్తే 640. చెయ్యనక్కర్లేకుండా 640 అని చెప్పగలవాళ్లు మన దగ్గర కొల్లలు. నాలుగు ఎంపికలు ఇచ్చినా, ఇవ్వకపోయినా, 53తో మొదలయ్యే ఆ లెక్క ఇక ఎవరినీ పరీక్షించలేదు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. పాత ప్రశ్న, ఒకే జవాబు, ముఖం చూడని యంత్రం: తొలితరం చదువుల పిల్లలకు న్యాయం చేసింది ఇవే కదా? తిరువూరు పక్క పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకు, ఇంటిపేరు విని కులం ఊహించే పరీక్షకుడి కన్నా పెన్సిలు గుర్తును చదివే యంత్రమే నయం. నిజమే. అయితే యంత్రం దిద్దాలంటే ప్రశ్న పాతదే కావాలన్న నియమం ఎక్కడా లేదు. కొండపల్లి స్టేషన్ దగ్గర బొగ్గు వ్యాగన్లను ఊహించుకోండి. 1, 2, 3 అనే మూడు వ్యాగన్లు వరుసగా వస్తున్నాయి. పక్కన ఒకవైపు మూసుకుపోయిన సైడింగ్ ఉంది. అందులోకి చివర వెళ్లిందే ముందు బయటికి రావాలి. 3, 1, 2 వరుసలో వాటిని పంపగలమా? 3 ముందు పోవాలంటే 1, 2 రెండూ లోపల ఉండాలి, 2 గుమ్మం దగ్గర అడ్డుగా ఉంటుంది. కుదరదు. మూడు వ్యాగన్లకున్న ఆరు వరుసల్లో కుదరనిది ఇదొక్కటే. నాలుగైతే 24లో 14 కుదురుతాయి. స్టాక్ అనే డేటా స్ట్రక్చర్‌కు ఈ రైలు పోలిక సూచించింది మళ్లీ డైక్‌స్ట్రాయే. డొనాల్డ్ నూత్ 1968 నాటి తన పుస్తకంలో ఆ మాట చెప్పి, దాని మీద అభ్యాసాలు అల్లాడు. వ్యాగన్ల సంఖ్య మార్చండి, రెండు సైడింగులు ఇవ్వండి, ప్రశ్న మళ్లీ పడుచుదవుతుంది. దిద్దడానికి యంత్రం చాలు. 2003 నుంచి వ్యాసరూప ప్రశ్నలు మానేసిన గేట్ ఈ పనే చేసి చూపింది. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ అనే ఆదేశాన్ని మూడుసార్లు వరుసగా పిలిస్తే మొత్తం ఎనిమిది ప్రాసెస్‌లన్నది అందరికీ కంఠతా వచ్చు. ఆ పిలుపుల మధ్య ఒక షరతు ఇరికిస్తే మాత్రం కాగితం తీసి చెట్టు గీయాల్సిందే.

కొత్తది కావాలని అంటున్నామని తప్పుడు ప్రశ్నకూ చోటివ్వలేం. మన కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో సి భాష పరీక్షకు ఒక ఆచారం ఉంది. ఐ విలువ 5 అని చెప్పి, ఒకే వరుసలో ‘ఐ ప్లస్ ప్లస్’, ‘ప్లస్ ప్లస్ ఐ’ కలిపి ఎంత వస్తుందని అడుగుతారు. 1989 నాటి ప్రమాణం ప్రకారం ఇలాంటి వాక్యానికి నిర్ణీతమైన అర్థమే లేదు, కంపైలరు ఏది చెప్పినా చెల్లుతుంది. ల్యాబుల్లో దశాబ్దాలు ఏలిన బోర్లాండ్ వారి టర్బో సి ఇచ్చిన అంకె మాత్రం మన దగ్గర శాసనమైంది. అర్థం లేదని సరిగా తెలిసిన కుర్రాడికి ఆ ప్రశ్నలో సున్నా. అది చూడగానే నవ్వు రావాలి, కానీ ఆ సున్నాతో ఉద్యోగం పోయే అవకాశం ఉన్నప్పుడు నవ్వు రాదు.

2018 తర్వాత లెక్క మొత్తం చెదిరింది. టీసీఎస్ దేశవ్యాప్తంగా ఒకే అర్హత పరీక్ష పెట్టింది. కరోనా ఏళ్లలో పరీక్ష హాలు పడగ్గదిలోకి వచ్చి, ల్యాప్‌టాప్ కెమెరా ఇన్విజిలేటర్ అయింది. 2021లో గేట్ ఒకటి కన్నా ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలు చేర్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అచ్చయిన ప్రతి ప్రశ్నా ఒక్కసారిగా ముసలిదైపోయింది. ఐదుగురు తత్త్వవేత్తలకు భోజనం పెట్టే కోడు ఇప్పుడు నిమిషం పట్టదు. ప్రశ్న ఆయుష్షు సెమిస్టరు నుంచి పూటకు పడిపోయినప్పుడు, విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ‘నీ కోడులో ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?’ అని అడగడం మళ్లీ అవసరమవుతోంది. అలా అడిగితే ముఖం చూసి మార్కులేసే పాత భయమూ దాంతోపాటే తిరిగొస్తుంది. ఇద్దరు పరీక్షకులను కూర్చోబెట్టి, విద్యార్థి చెప్పింది రికార్డు చేస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. కాని తలకు పది నిమిషాలు ఇచ్చినా, అరవై మంది ఉన్న సెక్షనుకు పది గంటలు కావాలి. టైమ్‌టేబుల్లో ల్యాబ్ పరీక్షకున్నది మూడు గంటలు.