రెండెకరాల ఐదు సెంట్లు కంప్యూటర్లోకి వెళ్లిన కథ

వట్లూరు అనగానే మనలో చాలామందికి సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీయే గుర్తొస్తుంది. డేటాబేస్ సబ్జెక్టులో డేటా టైపు మార్పిడి, కొలేషన్, బ్లాబ్ అని పరీక్షకి బట్టీ పడతాం కదా. ఈ మూడు తలనొప్పులూ కంప్యూటర్ రాకముందే మన రిజిస్ట్రార్ ఆఫీసు బీరువాల్లో ఉన్నాయి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పొలం అమ్మితే, ఆ దస్తావేజు మొత్తాన్ని ఆఫీసు రిజిస్టర్లోకి ఎక్కించాలి. దశాబ్దాల పాటు గుమస్తాలు చేత్తోనే తిరగరాశారు. దానికి తోడు ఇండెక్సులు: మనుషుల పేర్లతో ఒకటి, ఆస్తులతో ఒకటి. ఇండెక్సులో పేరు దొరక్కపోతే దస్తావేజు ఉన్నా లేనట్టే.

1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ ప్రాజెక్టు వచ్చింది. రెండొందలకు పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లోకి మారాయి. చేతిరాత నకలు పోయి స్కానింగ్ వచ్చింది. మనం ఇవాళ ఫోన్లో ఈసీ తీస్తే 1983 నుంచి వివరాలు కనపడేది అందుకే, పాత లావాదేవీలు కూడా కూర్చుని టైపు చేశారు.

ఇక్కడే అసలు సంగతి. పాత దస్తావేజులో విస్తీర్ణం ‘య 2-05 సెం’ అని ఉంటుంది. అంటే రెండెకరాల ఐదు సెంట్లు. దీన్ని అంకెగా మార్చేటప్పుడు ఎవరైనా 2.5 అని కొట్టారనుకోండి, కంప్యూటర్‌కి అది రెండున్నర ఎకరాలు! తేడా 45 సెంట్లు, అంటే 2,178 గజాలు. వట్లూరు దగ్గర అంత స్థలం అంటే చిన్న విషయమా? మెషీన్ మాత్రం ఎర్రర్ చూపించదు, ఎందుకంటే 2.5 కూడా సరైన అంకే. సర్వే నంబరు 12/2 ఉందా, దాన్ని ఎక్సెల్లో కొట్టి చూడండి, తేదీ అయి కూర్చుంటుంది. అందుకే సర్వే నంబరు పేరుకే నంబరు, దాచాల్సింది అక్షరాలుగానే.

తెలుగు పేర్లయితే ఇంకో చిక్కు. ఎస్క్యూఎల్ సర్వర్లో మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పెడితే చాలాసార్లు వరసగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఒకసారి అలా సేవ్ అయితే అసలు పేరు తిరిగి రాదు. ఎన్‌వార్‌చార్ వాడాలి. ‘వట్లూరు’ కంటికి మూడక్షరాలే గానీ యూనికోడ్‌లో ఏడు కోడ్లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. కాలమ్ పొడవు ఇంగ్లీషు లెక్కన పెడితే పేరు మధ్యలో తెగుతుంది.

ఇక వరస. బళ్లో మనం ల, వ, శ, ష, స, హ, ళ అని నేర్చుకున్నాం. యూనికోడ్‌లో ళ వచ్చి ల పక్కన కూర్చుంది, భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస పెట్టిన పాత ‘ఇస్కీ’ నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. మన నిఘంటువులో కవిత ముందు, కళావతి తర్వాత. ఉత్త కోడ్ల వరసలో కళావతే ముందు. ఏ వరస కావాలో డేటాబేస్‌కి చెప్పేదే కొలేషన్.

మరి స్కాన్ చేసిన పేజీ? అదే బ్లాబ్. లక్షల బైట్లుంటాయి, లోపల ఏముందో డేటాబేస్‌కి తెలీదు, పేరు పెట్టి వెతకలేం. కానీ ‘2-05’ అని గుమస్తా రాసిన గీత గీతలాగే ఉంటుంది. టైపు చేసిన వరస మీద అనుమానం వస్తే చివరికి అందరూ తెరిచేది ఆ బొమ్మనే. మీ తాతయ్యగారి దస్తావేజు ఇంట్లో ఉంటే తీసి, అందులో విస్తీర్ణాన్ని ఈసీలో ఉన్న విస్తీర్ణంతో ఒకసారి పోల్చి చూడండి.