డొమైన్ రిజిస్ట్రార్

వెబ్‌సైటుకు చిరునామాగా వాడే డొమైన్ పేరును నమోదు చేసి, గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేసే సంస్థే డొమైన్ రిజిస్ట్రార్. పేరు కొనుక్కున్నామని అనుకుంటాం గానీ, డబ్బు కట్టినంత కాలం వాడుకునే హక్కు మాత్రమే మనకు దక్కుతుంది. అందుకే ఆ హక్కును ఎవరి చేతిలో పెడుతున్నామన్నది ధర కన్నా ముఖ్యం.

1980లలో ఈ ఎంపికే లేదు. కాలిఫోర్నియాలో ఎస్‌ఆర్‌ఐ సంస్థ నడిపిన సమాచార కేంద్రానికి దరఖాస్తు పంపితే పేరు ఉచితంగా వచ్చేది. ఎలిజబెత్ ఫైన్లర్ ఆ కేంద్రానికి సారథి. తొలి డాట్ కామ్ పేరు సింబాలిక్స్ 1985 మార్చి 15న నమోదైంది. 1993లో ఈ బాధ్యత నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కు దక్కింది. 1995లో రెండేళ్లకు 100 డాలర్ల రుసుము మొదలైంది. పోటీదారు లేడు కాబట్టి అడిగినంతా కట్టక తప్పేది కాదు.

డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసేందుకు 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ ఈ గుత్తాధిపత్యాన్ని సడలించింది. మరుసటి ఏడాది మెల్‌బోర్న్ ఐటీ, రిజిస్టర్ డాట్ కామ్ సహా ఐదు సంస్థలకు ప్రయోగాత్మకంగా అనుమతి లభించింది. పేర్ల పట్టికను భద్రపరిచే రిజిస్ట్రీ, జనానికి నమోదు చేసిపెట్టే రిజిస్ట్రార్ వేర్వేరు పాత్రలయ్యాయి. ధరలు దిగివచ్చాయి.

చవకతనం వెనుక ఉన్న ప్రమాదం 2007లో బయటపడింది. అమెరికాలోని రిజిస్ట్రార్ సంస్థ రిజిస్టర్‌ఫ్లై అంతర్గత తగాదాలతో కుప్పకూలింది. డబ్బు కట్టినా రెన్యువల్ కాక కొందరు పేర్లు పోగొట్టుకున్నారు; వేరే చోటికి మారదామంటే బదిలీకి కావలసిన కోడ్ అందలేదు. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, పేర్లను మరో రిజిస్ట్రార్ గోడాడీకి తరలించింది. ఖాతాదారుల వివరాల నకలును మరో సంస్థ వద్ద దాచాలన్న నిబంధన అప్పటికే ఒప్పందంలో ఉంది, అమలు మాత్రం కాలేదు. అది గట్టిగా అమలైంది ఈ దెబ్బ తగిలాకే. ఇన్ని వేలమంది జీవనాధారం ముడిపడిన వ్యవస్థలో ఇంత ఆలస్యం క్షమించరానిది.

భారతదేశంలో డాట్ ఇన్ పేర్లు చాలాకాలం కఠిన నిబంధనల మధ్య కొద్దిమందికే దక్కాయి. 2005లో డాట్ ఇన్ పేర్లను నిర్వహించే నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో తలుపులు తెరిచి, నమోదును రిజిస్ట్రార్లకు అప్పగించారు. తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ కూడా నిక్సీ పరిధిలోనిదే.

పెద్ద పేరున్నంత మాత్రాన శాశ్వతమనీ కాదు. గూగుల్ తన డొమైన్ల వ్యాపారాన్ని 2023లో స్క్వేర్‌స్పేస్‌కు అమ్మేసింది; ఖాతాదారులు తాము ఎంచుకోని సంస్థ చేతిలోకి వెళ్లారు.

కాబట్టి మొదటి ఏడాది రాయితీని చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రెన్యువల్ ధర అడగాలి. ఐకాన్ లేదా నిక్సీ గుర్తింపు ఉందో లేదో చూడాలి. డాట్ కామ్ వంటి పేర్లకు, అడిగిన ఐదు రోజుల్లో బదిలీ కోడ్ ఇవ్వాలన్నది ఐకాన్ నియమం. అన్నింటికన్నా ముందు, సైటు తయారుచేసే వారి పేరు మీద కాకుండా మీ పేరు, మీ ఈమెయిల్ మీదే నమోదు చేయించుకోండి.