బరువు ఫ్లై (ట్రౌట్ వేట)

ట్రౌట్ చేపను పట్టడానికి ఈకలు, బొచ్చు, దారం కలిపి గాలం మీద కట్టే కృత్రిమ పురుగును ఫ్లై అంటారు. కట్టేటప్పుడే లోపల సీసపు తీగో రాగి తీగో చుట్టి, లేదా తల దగ్గర లోహపు పూస గుచ్చి, నీళ్లలో మునిగేలా చేసినది బరువు ఫ్లై. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే ఉంటుంది. రాళ్లను కరుచుకుని బతికే పురుగులు, రెక్కలు రాని దశలో ఉన్నవి, ప్రవాహంలో కొట్టుకొస్తుంటాయి. ఆ దశను నింఫ్ అంటారు. అక్కడికి ఎర దిగాలంటే బరువు కావాలి.

ఇంగ్లండులో నింఫ్ వేటకు తొలుత గట్టిగా వాదించినవాడు జి.ఇ.ఎం. స్క్యూస్ (1858-1949). తేలే ఫ్లైతో పట్టడమే మర్యాద అని నమ్మే వేటగాళ్లకు అది మింగుడుపడలేదు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. స్క్యూస్ నింఫ్‌లు నీటి పైపొరల్లో ఆడేవి. వాటిని లోతుకు దించిన ఘనత విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపరిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్‌ది. ఆయన పుస్తకం ‘నింఫ్స్ అండ్ ది ట్రౌట్’ 1958లో వచ్చింది.

సాయర్ కట్టిన ఫెజంట్ టెయిల్ నింఫ్‌లో దారమే లేదు. వెంట్రుకంత సన్నని రాగి తీగే దారమూ, బరువూ, రంగూ. గాలం కాడ మీద తీగ చుట్టి, రొమ్ము భాగంలో కాస్త ఉబ్బు తేవాలి. మగ ఫెజంట్ పక్షి తోక ఈక నుంచి నాలుగు పీచులు తీసుకుని, వాటి కొసలు తోకగా నిలిచేలా బిగించాలి. మిగిలిన పీచులను తీగతో కలిపి పేని, గాలపు కన్ను దాకా చుట్టుకుంటూ పోవాలి. చివర్న ఆ పీచులనే రొమ్ము మీదుగా వెనక్కి, ముందుకు మడిస్తే రెక్కల గూడు ఏర్పడుతుంది. కాళ్లు పెట్టరు. ఈదే నింఫ్ కాళ్లు ఒంటికి ముడుచుకుంటుందని సాయర్ నది ఒడ్డున కూర్చుని గమనించాడు. బరువు ఫ్లైలలో ఇంత పొదుపైన కట్టు మరొకటి లేదనే చెప్పాలి.

ఇప్పుడు పూసలదే రాజ్యం. నీటితో పోలిస్తే ఇత్తడి సుమారు 8.5 రెట్లు, సీసం 11.3 రెట్లు, టంగ్‌స్టన్ 19 రెట్లకు పైగా బరువు. పూసలకు వాడేది టంగ్‌స్టన్ మిశ్రమం కనుక అది కొంత తగ్గుతుంది. అయినా అంతే పరిమాణంలో ఉన్న ఇత్తడి పూస దాని ముందు తేలికే. పూసను అన్నిటికంటే ముందు గాలానికి ఎక్కించాలి, కట్టు మొదలైతే ఇక దారి ఉండదు. చిన్న రంధ్రం కన్ను వైపు, పెద్ద రంధ్రం కాడ వైపు రావాలి. ఇంకా బరువు కావాలంటే సీసపు తీగ కొన్ని చుట్లు వేసి, ఆ చుట్లను పూస వెనక గుంతలోకి నెడతారు. పూస కదలకుండా నిలుస్తుంది. మెడ వంచిన జిగ్ గాలానికి చీలిక ఉన్న పూస వాడతారు. ఇది నీళ్లలో మొన పైకి తిరిగి నడుస్తుంది కాబట్టి రాళ్ల సందుల్లో తక్కువగా చిక్కుకుంటుంది.

బరువు ఫ్లైతో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, కట్టడం పూర్తయ్యాక బరువు కంటికి కనపడదు. 2.8 మిల్లీమీటర్ల పూసకూ 3.3 మిల్లీమీటర్ల పూసకూ పెట్టెలో తేడా ఆనదు, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి అరచేతిలో తూచి చూసుకోవడం అయ్యే పని కాదు. అందుకే అనుభవజ్ఞులు మెడ దగ్గర వేసే చివరి దారం రంగునే గుర్తుగా పెట్టుకుంటారు. ఎరుపైతే సీసం, నలుపైతే ఉత్తది, ఇలా ఎవరి లెక్క వారిది. ఏ లెక్కయినా ఫరవాలేదు, మధ్యలో మార్చకూడదు. ఒకే తీరు కట్టినవి పది కలిపి నగల తక్కెడలో తూచి పదితో భాగిస్తే ఒక్కోదాని బరువు తెలుస్తుంది.

పెట్టెలో వరసలు కూడా పేర్లను బట్టి కాక బరువును బట్టి ఉండాలి. నీటి లోతు, వేగం మారినప్పుడు వేటగాడు ముందు మార్చేది బరువునే. ఎడమ నుంచి కుడికి తేలిక నుంచి బరువుకు పేర్చుకుంటే చెయ్యి తడుముకోదు. తడి ఫ్లై ఒక్కటి మూత కింద ఉండిపోయినా పక్క గాలాలకూ తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే పెట్టె తెరిచి రాత్రంతా ఆరనివ్వాలి.

సీసం విషమన్నది మరవకూడదు. గాలపు సీసం గుళ్లు మింగి హంసలు చనిపోతుండటంతో బ్రిటన్ 1987 నుంచి 0.06 గ్రాములకూ 28.35 గ్రాములకూ మధ్య ఉండే సీసపు బరువుల అమ్మకాన్ని ఆపేసింది. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో సీసపు బరువులు నిషిద్ధం.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి తెచ్చి కశ్మీర్ ఏరుల్లో వదిలారు. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదిలోనూ స్థిరపడింది. పర్మిట్ తీసుకుని అటు వెళ్లే తెలుగువాళ్లు టంగ్‌స్టన్ పూసలు, రాగి తీగతో కట్టినవే పట్టుకెళ్లండి. తెగిన ఫ్లై ఆ నీళ్లలోనే ఉండిపోతుంది.