డి.పి.హెచ్. పట్టా కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నా పేరు ప్రక్కన ఉండే మూడు అక్షరాల గురించి వ్రాయాలనిపించింది. మన సంఘ సభ్యులు ఒకరు సమావేశంలో వాటిని చూసి, "డి.పి.హెచ్. అంటే ఏదో జిల్లా పదవి కాబోలు" అన్నారు. కాదు. అది డిప్లొమా ఇన్ పబ్లిక్ హెల్త్. ఎం.బి.బి.ఎస్. అయిన తర్వాత ప్రజారోగ్యంలో చేసే పై చదువు.

ఈ చదువు చరిత్రలో ఒక వింత ఉంది. దీనికి ఉద్యోగం ముందు పుట్టి, చదువు తర్వాత పుట్టింది. ఇంగ్లాండులో కార్మికవాడల మురికిపై ఎడ్విన్ చాడ్విక్ 1842లో ప్రసిద్ధమైన నివేదిక ఇచ్చాడు. 1847లో లివర్‌పూల్ నగరం డాక్టర్ విలియం డంకన్‌ను ఆరోగ్యాధికారిగా నియమించింది. ఆ దేశంలో అటువంటి మొదటి అధికారి ఆయనే. కాని ఆ ఉద్యోగానికి తగిన పట్టా డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో మొదలైంది 1871లో. మధ్యన ఇరవైనాలుగేళ్ళు ఆరోగ్యాధికారులు వీధుల్లో తిరిగే పని నేర్చుకున్నారు.

ఆ మధ్యకాలంలోనే, 1854లో, లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చింది. డాక్టర్ జాన్ స్నో చనిపోయినవారి ఇళ్ళు వెదికి, వారు ఎక్కడి నీళ్ళు త్రాగారో అడిగి తెలుసుకున్నాడు. ఎక్కువమంది ఒకే చేతిపంపు నీళ్ళు వాడినవారు. ఆ ప్రక్కనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్ళకు మాత్రం జబ్బు రాలేదు, వాళ్ళు ఆ పంపు జోలికే పోలేదు. స్నో చెప్పగా అధికారులు పంపు పిడి తీయించారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నోయే నిజాయితీగా వ్రాసుకున్నాడు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ నిర్ధారించింది మరో ముప్పై ఏళ్ళకు, 1884లో, మన కలకత్తాలో.

కలకత్తాకు ఈ చరిత్రలో పెద్దపీటే వేయాలి. 1894లో హాఫ్‌కిన్ కలరా టీకాను పరీక్షించింది అక్కడే. మన సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా జీవిని చూసిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడు పక్షుల మలేరియాతో ఆ పరిశోధన పూర్తి చేసింది కూడా అక్కడే. 1921లో ఉష్ణమండల వైద్య విద్యాలయం ఏర్పడింది. ఆ తర్వాత 1932 డిసెంబరు 30న, అమెరికా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో అఖిల భారత ఆరోగ్యశాస్త్ర, ప్రజారోగ్య సంస్థ ప్రారంభమైంది. 1916లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య కళాశాలకు డబ్బు ఇచ్చిందీ ఆ ఫౌండేషనే. అంతకు ముందు ఈ పట్టా కోసం మనవాళ్ళు ఓడెక్కి ఇంగ్లాండు వెళ్ళినవారు ఉన్నారు.

నేను వెళ్ళింది హౌరా మెయిల్‌లో, 1970లో. ఉన్న నిజం చెప్పాలంటే, ఇష్టపడి వెళ్ళలేదు. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. సీటు కోసం రెండుసార్లు ప్రయత్నించి దొరకక, శాఖవారు డెప్యుటేషన్ ఇస్తామంటే ఒప్పుకున్నాను. మా మామగారు పైకేమీ అనలేదు గాని, అత్తగారితో "ప్రాక్టీసు లేని డాక్టరుకు పిల్లనిచ్చాం" అన్నారని తర్వాత తెలిసింది. మా శ్రీమతి చంటిపిల్లతో పుట్టింట్లో ఉండిపోయింది. ఆవనూనె వాసన, మాటిమాటికీ బందులు, అరగని చేపల కూర, వీటి సంగతి వదిలేస్తాను.

ఆ భవనంలో నాకు మొదట చిన్నతనం, తర్వాత గౌరవం కలిగించిన విషయం ఒకటుంది. అక్కడ డాక్టర్లతో పాటు నీటి సరఫరా, మురుగునీటి పారుదల చదువుకునే ఇంజనీర్లు ఉండేవారు, ప్రజారోగ్య నర్సులు ఉండేవారు, పోషకాహారం చదివేవారు ఉండేవారు. గణాంకాల తరగతిలో నాకు చెమటలు పట్టేవి. ఇంజనీరు మిత్రుడే నాకు లెక్కలు చెప్పాడు.

ఆస్పత్రి వార్డులకు బదులు మమ్మల్ని పంపింది సింగూరుకు. మన మంజీరా మీది సింగూరు కాదు, హుగ్లీ జిల్లాది. ఈ కాలం వారికి కారు ఫ్యాక్టరీ గొడవతో తెలిసిన ఊరు. 1939లోనే అక్కడ గ్రామీణ ఆరోగ్య కేంద్రం పెట్టి, విద్యార్థులకు పల్లెను తరగతిగా చేశారు. సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లో దేశమంతటా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని సిఫారసు చేయటానికి ఏడేళ్ళ ముందు మాట ఇది. అక్కడ ఇంటింటికీ తిరిగి జననాలు, మరణాలు వ్రాసుకోవాలి. ఒక ముసలమ్మను ఎంతమంది పిల్లలని అడిగితే "నలుగురు" అంది. పుట్టినవాళ్ళు ఎంతమంది అని బెంగాలీ తెలిసిన నర్సు మళ్ళీ అడిగితే, వేళ్ళు మడిచి తొమ్మిది చెప్పింది. ప్రశ్న ఎలా అడగాలో నాకు ఆ రోజు తెలిసింది.

1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు వెల్లువగా వచ్చారు. కలరా ప్రబలింది. బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీళ్ళు త్రాగించి, నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలను నాలుగు లోపుకు తెచ్చారు. నేను అప్పటికి చదువు ముగించుకుని తిరిగి వచ్చేశాను.

ఇక నా సంగతి. 1974 వేసవి, కాలువలు కట్టేసిన రోజులు. గోదావరి డెల్టాలో ఒక ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నేను వెళ్ళి, శాఖలో అందరూ చేసేదే చేశాను. కలరా సూదులు వేయించాను, బావులలోనూ మంచినీళ్ళ చెరువులోనూ బ్లీచింగు పౌడరు వేయించాను, పై అధికారులకు తంతి పంపాను. మూడు రోజులైనా కేసులు ఆగలేదు. ఆ మూడు రోజుల్లో ఇద్దరు పోయారు, అందులో ఒకరు బాలింత.

నాలుగో రోజు రాత్రి కరణం గారి దగ్గర గ్రామ పటం అడిగి తీసుకుని, లాంతరు ముందు కూర్చుని, జబ్బు పడిన ఇళ్ళకు ఎర్ర సిరాతో చుక్కలు పెట్టాను. చాలా చుక్కలు రెండు వీధుల్లోనే ఉన్నాయి. కాని ఏడెనిమిది చుక్కలు ఊరంతా చెదిరి ఉండటంతో నాకేమీ తోచలేదు. నా ప్రక్కన కూర్చున్న హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు, నాకన్నా పదేళ్ళు పెద్ద, కాలేజీ మెట్లెక్కనివారు, "వీళ్ళంతా మగవాళ్ళేనండి. పొద్దున్నే కాఫీ హోటల్లో ఉంటారు" అన్నారు. తెల్లవారుతూనే నీళ్ళ కావిడి మోసేవాణ్ణి పిలిపించి ఆయనే బుజ్జగించి అడిగారు. మంచినీళ్ళ చెరువు దూరమని, కాలువ ఎండిన దగ్గర్నుంచి ఆ రెండు వీధులకూ హోటలుకూ చాకిరేవు గుంట నీళ్ళు పోస్తున్నాడు. ఆ గుంటను మేము తాగునీటి జాబితాలోనే వ్రాసుకోలేదు.

కావిడి ఆపించి, మంచినీళ్ళ చెరువు నుండి బండ్ల మీద నీళ్ళు తోలించాం. ప్రయోగశాల ఫలితం వచ్చేసరికి కొత్త కేసులు ఆగి వారం దాటింది. నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. అందులో ఇన్‌స్పెక్టరు గారి పేరు లేదు. చేర్చమని నేను వ్రాసి ఉండవలసింది, వ్రాయలేదు. మొదటి రోజే పటం ఎందుకు అడగలేదన్న ప్రశ్నను మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

ఈ రోజుల్లో ఈ చదువు ఎం.పి.హెచ్. అనే పేరుతో ఎక్కువగా వినిపిస్తోంది. 1997లో తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం దానిని ప్రారంభించింది. 2008 నుండి హైదరాబాదులో భారతీయ ప్రజారోగ్య సంస్థ పనిచేస్తున్నది. చాలాచోట్ల వైద్యులు కానివారిని కూడా చేర్చుకుంటున్నారు. దీనిపై మా పాత డాక్టర్లలో సణిగేవారున్నారు. ఇంజనీరు దగ్గర లెక్కలు, ఇన్‌స్పెక్టరు దగ్గర చుక్కల అర్థం నేర్చుకున్న నేను వారితో ఏకీభవించను. కాని చదివి వచ్చిన పిల్లలకు శాఖలో తగిన పోస్టులు తక్కువగా ఉండటం అన్యాయం. ఒప్పంద ఉద్యోగాల మీద ఏడాదికొకసారి బిక్కుబిక్కుమంటూ బ్రతుకుతున్నారు.

మా మనుమరాలు ఇప్పుడు ఆ చదువులోనే ఉంది. పాత అంటువ్యాధుల రికార్డుల మీద ప్రాజెక్టు చేస్తూ, "తాతయ్యా, ఆ పటం ఉందా?" అని అడిగింది. పటం కరణం గారికి తిరిగి ఇచ్చేశాను. నా డైరీలో వేసుకున్న నకలు ఉంది, ఎర్ర సిరా గోధుమరంగుకు తిరిగింది. ఆఫీసుల్లోని కలరా రిజిస్టర్లు చాలావరకు చెదలపాలయ్యాయి. మన సభ్యుల్లో శానిటరీ, హెల్త్ ఇన్‌స్పెక్టర్లుగా, ఆరోగ్య సందర్శకులుగా పనిచేసినవారి ఇళ్ళలో పాత డైరీలు, టూరు పుస్తకాలు ఉంటే సంఘ కార్యాలయంలో తెలియజేయ ప్రార్థన. పేర్లతో సహా వ్రాసుకుంటామని ఆ పిల్ల చెప్పమంది.