పోయొస్తానన్న మాట

1922 అక్టోబర్ 26. అమెరికా తూర్పు తీరాన బోస్టన్ నగరం. సముద్రాలు దాటి వచ్చిన ఇరవై ఏడేళ్ల తెలుగు యువకుడు ఆ రోజు అక్కడ అడుగుపెట్టాడు. జేబులో ఉన్నది దాదాపు వంద డాలర్లు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి సీటు ఉంది గానీ, ఆ చదువు పూర్తయ్యేదాకా తిండికీ గదికీ దారేమిటో తెలియదు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మా శివ్వంపేట నుంచి ఇప్పుడు పిల్లలు పైచదువులకు అమెరికాకు విమానంలో పోతున్నారు. బయల్దేరే ముందు రాత్రి నట్టింట్లో రెండు సూట్‌కేసులు తెరిచి పెడతారు. ఒక్కోటి ఇరవై మూడు కిలోలు దాటకూడదు. కాంటాకు తగిలించి చూడటం, సకినాల పొట్లం ఒకటి తీయడం, మళ్లీ తూచడం. పచ్చడి డబ్బాకు నాలుగు వరుసల ప్లాస్టిక్ కవరు చుట్టడం. పాస్‌పోర్టు, కాలేజీ పంపిన ఐ-20 కాగితాలున్న సంచిని మాత్రం పిల్లవాడు ఒళ్లోంచి దించడు. కారు కదిలేముందు తల్లి నోట ఒకటే మాట: "పోతున్న అనకు బిడ్డా, పోయొస్త అను."

నర్సాపూర్, గండిమైసమ్మ, రింగు రోడ్డు, శంషాబాద్. గల్ఫ్‌లో ఒకచోట విమానం మారి, దాదాపు ఒక రోజులో అమెరికా. దిగీ దిగగానే వాట్సాప్‌లో కొడుకు ముఖం చూస్తే గానీ తల్లికి ముద్ద దిగదు.

సుబ్బారావు బయల్దేరిన నాడు ఆ ఒక్క రోజు దూరం వారాల ప్రయాణం. ఉత్తరానికీ అంతే. ఇంటి దగ్గర భార్య శేషగిరి గర్భవతి. మూడేళ్లలో తిరిగి వస్తానని ఆమెకు మాట ఇచ్చి ఓడ ఎక్కాడు.

ఎందుకు వెళ్లాడు? భీమవరంలో 1895లో పుట్టిన ఈ కుర్రవాడు మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నాడు. అది గిట్టని ఇంగ్లీషు ప్రొఫెసర్ వల్ల ఎంబీబీఎస్ దక్కక, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటికొచ్చాడు. అంతకు మించిన దెబ్బ ఇంట్లోనే తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి స్ప్రూ వ్యాధితో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. తర్వాత అదే జబ్బు ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. దానికి మందు లేదని ఆధునిక వైద్యశాస్త్రం చేతులెత్తేస్తే, ఆ మందు వెతకాలని ఆయన పట్టుబట్టాడు. మామగారు కొంత, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత డబ్బు సాయం చేస్తే ప్రయాణం కుదిరింది.

బోస్టన్‌లో ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? హార్వర్డ్ ప్రొఫెసర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదుకున్నారు. మన దేశపు డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. వైద్యం చదివిన ఆ చేతులతోనే పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పూట పనివాడిగా చేరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. పగలు చదువు, రాత్రి ఆ పని.

అలాంటి రోజుల్లోనే ఇంటి నుంచి కబురు. కొడుకు పుట్టాడు. నెలల పసివాడిగానే పోయాడు. తండ్రి ఆ బిడ్డను కళ్లారా చూడనే లేదు.

మూడేళ్లు గడిచాయి. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద పరిశోధన. 1940లో లెడర్లీ మందుల సంస్థకు మారాడు. అక్కడ 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులను మళ్లీ నిలబెట్టింది ఆ మందే. అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు జవాబు దొరికేసరికి, ఓడ ఎక్కి ఇరవై మూడేళ్లయింది. బోదకాలుకు వాడే డీఈసీ మందు కూడా ఆయన బృందం నుంచే వచ్చింది.

ఆయన మాత్రం రాలేదు. అమెరికా పౌరసత్వమూ పుచ్చుకోలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, యాభై మూడేళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశాడు. శేషగిరమ్మ ఎదురుచూపు ఇరవై ఆరేళ్లు. ఏ కీర్తీ ఆ లెక్కను సరిచేయదు. సుబ్బారావు గొప్పతనం చెప్పే ప్రతిచోటా ఆమె పేరు కూడా పలకాలి. ఆ పరిశోధనకు కట్టిన మూల్యంలో పెద్ద వాటా ఆమెదే.

అయితే ఆయన చేసిన పని ఇంటికి చేరింది. బోదకాలు పీడించిన మా ఉమ్మడి మెదక్ జిల్లాలో డీఈసీ మాత్రలు ఇంటింటికీ పంచారు. ఊళ్లలో గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే రక్తం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఫోలిక్ ఆమ్లమే. దేశంలో 1970 నుంచి ఈ మాత్రలు ఇస్తున్నారు.

అంటే, శంషాబాద్‌లో అద్దం తలుపుల ఇవతల నిలబడి, లోపలికి పోతున్న కొడుకు వీపు కనపడినంత సేపూ చూసే మా ఊరి తల్లి, వాడు కడుపులో ఉన్నప్పుడు మింగింది ఆ మాత్రే. ఇంటికి రాలేకపోయిన ఒక తెలుగు విద్యార్థి పంపిన మందు అది.

"పైలం బిడ్డా" అంటుంది ఆమె. "పోయొస్త అమ్మా" అంటాడు వాడు.

ఆ మాట నిలబెట్టుకో నాయనా. నీకు విమానం ఉంది.